‘నూనె లేదని రాసియ్యుండ్రి’

2018 జూన్. మబ్బులు వచ్చి, చౌటుప్పల్ మీద ఒకసారి తొంగిచూసి, మందుల ఫ్యాక్టరీల వాసన గిట్టక వెనక్కి తిరిగిపోతున్న రోజులు. ఆ ఫ్యాక్టరీల వెనక సందులో, ఒక రేకుల షెడ్డులో మా పరిశోధనశాల ఉండేది. ఎనిమిది మందిమి పనిచేసేవాళ్లం. నేను సీనియర్ టెక్నీషియన్ని. అంటే శాంపిల్ తూచడం, కాల్చడం, కడగడం, రాసుకోవడం, పైవాళ్లు వచ్చినప్పుడు టీ తెప్పించడం.

మా పని ఏమిటో చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. రాళ్లలోంచీ ఇసుకలోంచీ ఇంధనం తీసే పద్ధతులు వెతకడం. రాయి అంటే ఆయిల్ షేల్. పొరలు పొరలుగా ఉండే ఈ రాతిలో అసలు నూనె ఉండదు. నూనె కావలసిన పదార్థం గట్టిపడి ఉంటుంది, దాన్ని కెరోజెన్ అంటారు. భూమి లోపలి వేడి దాన్ని లక్షల ఏళ్లు వండితే నూనె అయ్యేది. భూమికి తీరికలేక వదిలేసిన వంట మేం చేస్తాం. గాలి చొరబడని ఇనుప పాత్రలో, మా భాషలో రిటార్ట్, ఐదు వందల డిగ్రీల దాకా వేడిచేస్తే ఆవిరి లేస్తుంది. దాన్ని చల్లబరిస్తే నూనె చుక్కలు పడతాయి.

ఇక ఇసుక అంటే టార్ శాండ్. ఆయిల్ శాండ్ అని కూడా అంటారు. రేణువు రేణువుకూ తారు అంటుకొని ఉంటుంది. వేడినీళ్లలో కాస్త సోడా కలిపి గిలకొడితే తారు నురగలా పైకి తేలుతుంది, ఇసుక అడుగున కూర్చుంటుంది. మాకు శాంపిళ్లు ఈశాన్య రాష్ట్రాల కొండల నుంచి చిన్న చిన్న సంచుల్లో వచ్చేవి. గింజ కింద పడితే ఏరుకునేంత పొదుపుగా వాడేవాళ్లం.

ఇంత నిదానమైన పనిని జనానికి ఉన్నదున్నట్టు చెబితే ఆవలిస్తారు. అందుకని నేను కొంచెం తాలింపు పెట్టి చెబుతాను. నా మాటలో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తవాళ్లకు ముందే హెచ్చరిక చేస్తుంది. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆమె సగం కొట్టేశాక మిగిలిన భాగం.

ఆ గురువారం పదకొండు గంటలకు, యాభై ఏళ్ల మనిషి ఒకావిడ గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌తో వాదిస్తోంది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

“గీన్నే రాళ్లు ఉడకవెడ్తరంట గద. గా సారు ఎవలు?”

“నేనేనమ్మా. ఏం పని?” అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇంకా పొడుగు మనిషిని ఊహించుకుందేమో. డబ్బా మూత తీసి ముందుకు పెట్టింది. లోపల నల్లటి ఇసుక, ముద్దలు ముద్దలుగా. తారు వాసన, దాని వెనక ఏదో డీజిల్ కంపు.

“దీంట్ల నూనె లేదని రాసియ్యుండ్రి సారు.”

ఇన్నేళ్ల సర్వీసులో సంచీ పట్టుకొని వచ్చిన ప్రతి మనిషీ ‘ఉందా సార్’ అనే అడిగాడు. లేదని రాసిమ్మన్న మనిషిని అదే మొదటిసారి చూడడం. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను.

పేరు మరియమ్మ. కొత్తకోట దగ్గర పల్లె. తెల్లవారకముందే బస్సెక్కి, హైదరాబాదులో దిగి, ఇంకో బస్సెక్కి వచ్చింది. ఆమె, భర్త దావీదు చిన్నప్పటి నుంచీ ఒకరి పొలంలో కూలికి పోయినవాళ్లే. మూడేళ్ల కిందట రెండెకరాల ముప్పై గుంటలు కొనుక్కున్నారు. ఆ ఇంటి పేరుమీద పాసుబుక్కు పడడం అదే మొదలు. మొన్న మామిడి మొక్కలకు గుంతలు తీస్తుంటే, రోడ్డు వైపు మూలలో మోకాలి లోతున ఈ నల్ల ఇసుక తగిలింది.

“గది సూసి జంగయ్య పటేలు ఏమన్నడంటే, గిది ఆయిల్ సాండు. కింద నూనె సముద్రమున్నది. ఎర్కైతే సర్కారు కంచె ఏసి గుంజుకుంటది, మీకు సారెడు మన్ను మిగలదు. గిప్పుడే నాకు రాసిస్తే ఎంతో కొంతన్న చేతికొస్తది అన్నడు. మా ఆయన బెదిరిపోయిండు. సోమారం సంతకమంట.”

“ఆయిల్ శాండ్ అని ఆ జంగయ్యకు ఎవరు చెప్పారు?”

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. “మీరే గద.”

నా చేతిలో టీ గ్లాసు బల్లమీద పెట్టేశాను. ఎందుకంటే ఆ పల్లె మా అత్తగారి ఊరేనని అప్పుడు వెలిగింది. జంగయ్య నాకు వరసకు బావమరిది, భూముల బేరాలు చూస్తాడు. నెల కిందట అక్కడ ఒక దావత్‌లో, మాంసం ముక్కలు బాగా ఉడికిన ఉత్సాహంలో, నేను ఏమేం చెప్పానో ఒక్కొక్కటీ జ్ఞాపకం రాసాగింది. నల్ల ఇసుక కనబడితే చాలు, కింద సముద్రమే అన్నాను. ఆఫీసర్లు హెలికాప్టర్లో దిగుతారన్నాను. కంచె సంగతి కూడా నాదే. నిజానికి నేను హెలికాప్టర్ చూసింది ఎన్నికల సభలో.

“అవ్, మీరే చెప్పిండ్రని ఊరంత అంటున్నది. ఊరి అల్లుడు అబద్ధమాడ్తడా అన్నరు. గందుకే మీ కాడికే వచ్చిన. పెట్టిన నోరే తియ్యాలె గద సారు.”

ఆ క్షణాన ఒక కాగితం మీద ‘లేదు’ అని రాసి ముద్ర కొట్టి ఇవ్వడానికి నేను సిద్ధమే. కానీ మా ల్యాబ్ పెద్ద సుధారాణి మేడం పక్క గదిలోంచి అంతా విన్నది. వచ్చి డబ్బా తీసుకొని, “చూడకుండా ఉందనీ రాయం, లేదనీ రాయం. కడగండి” అంది.

మరియమ్మ ముందే బీకరులో వేడినీళ్లు పోసి, సోడా కలిపి, ఆమె ఇసుక వేసి గిలకొట్టాను. అయిదు నిమిషాల్లో నల్లటి నురగ పైకి పొంగింది. మా ఈశాన్యపు శాంపిల్ అంత సులువుగా ఏనాడూ తారును వదల్లేదు. మేడం కళ్లద్దాలు సర్దుకుంది. నేను దావత్‌లో కోసిన కోత పొరపాటున నిజమవుతుందా? జీవితంలో మొదటిసారి నా మాట అబద్ధం కావాలని మొక్కుకున్నాను.

“నూనేనా సారు?” అంది మరియమ్మ. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇంకా సగమే అయింది. అడుగున ఉన్నది చూడాలి.”

అడుగున మిగిలిన ఇసుకను టోలుయిన్‌తో కడిగాం. అది తారును కరిగించే ద్రావకం. ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. టార్ శాండ్‌లో ఇసుక సాధారణంగా నీళ్లో గాలో మోసుకొచ్చిన ఇసుక. దొర్లి దొర్లి రేణువుల మూలలు అరిగిపోతాయి, చూడడానికి చిక్కుడు గింజల్లా నున్నగా ఉంటాయి. ఇక్కడ నాకు కనిపించినవి నిన్న పగిలిన సీసా ముక్కల్లా ఉన్నాయి. ప్రతి అంచూ కోసేలా ఉంది. మధ్యలో మన గ్రానైట్‌లోని గులాబీ రంగు తునకలు. ఇవి ఏ నీళ్లూ గాలీ మోసినవి కావు. ఎవరో రాయిని మిషన్లో వేసి కొట్టినవి.

“మరియమ్మా, మీరు కొనకముందు ఆ జాగాలో ఏముండేది?”

“ఏముంటది సారు, పంట లేని పడావు భూమి. పెద్దరోడ్డు ఎడల్పు చేసెటప్పుడు కిరాయికి తీస్కొని డాంబరు మిషను పెట్టిండ్రు. నేనే గాడ రెండేండ్లు తట్టలు మోసిన.”

మేడం, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రోడ్డుకు వేసే డాంబరు, కంకర కలిపి వేడిచేసే మిషన్ అక్కడ ఉండేదన్నమాట. సాయంత్రం పనయ్యాక పీపాలూ తట్టలూ డీజిల్‌తో కడిగి, ఆ మడ్డిని మూలకు పారబోసేవాళ్లట. పారబోసిన మనుషుల్లో ఈమె కూడా ఉంది.

“అమ్మా, రెండేళ్లు ఆ పని చేశావు. ఈ వాసన నీకు తెలియలేదా?”

మరియమ్మ డబ్బాను దగ్గరికి లాక్కొని ఇంకోసారి వాసన చూసింది. మొహం మారిపోయింది.

“తెల్వకేంది సారు! గుంత తీసిన్నాడే డాంబరు లెక్క కొట్టింది. ఆయనకు చెప్పిన గూడ. గాని సదువుకున్నోళ్లు ఆయిల్ సాండు, ఆయిల్ సాండు అంటుంటె, నా ముక్కును నేనే నమ్మకపోతి. డాంబరని ఒక్కడన్న అంటే, ఛార్జీలు పెట్టుకొని ఈడిదాక వస్తునా?”

అదే వస్తువు. మేం తారు అంటాం, ఆమె డాంబరు అంటుంది. దానికి నేను ఇంగ్లీషు పేరు తగిలించాను, ఆ పేరును జంగయ్య బేరానికి పెట్టాడు. మధ్యలో ఆమె పొలం పోబోయింది.

రిపోర్టు మేడం సంతకంతో మధ్యాహ్నానికే తయారైంది. కానీ మరియమ్మ తీసుకోలేదు. “కాయితం నేను సూపిస్తె ఎవలు నమ్ముతరు? మీరొచ్చి సెప్పుండ్రి. దావత్ల సెప్పినట్టె, నల్గురిల.”

ఆదివారం వెళ్లాను. ఊరి హోటల్ ముందర ముప్పై మంది దాకా కూడారు. దావీదు ఒక పక్క నిలబడ్డాడు. జంగయ్య నాకు కుర్చీ వేయించి, అందరికీ వినబడేలా, “ఏం బావా, మొన్న ఉన్నదంటివి, గిప్పుడు లేదంటవా? మా ఊరికి గింత మంచి జరిగితే నీకు కడుపుల మండుతాందా?” అన్నాడు.

“మొన్నది తినుకుంట చెప్పిన. గిది చూసి చెప్తున్న” అన్నాను. రిపోర్టు చదివాను. నా జీవితంలో అంత నిజం ఒకేసారి మాట్లాడింది లేదు. ఒక్కడూ నమ్మలేదు.

“హెలికాప్టర్ ముచ్చట చెప్పు అల్లుడా, గదే మంచిగుండె” అన్నాడొక పెద్దాయన.

సరే, కళ్లకు చూపిద్దామని హోటలతన్ని అడిగి, గంజులో నీళ్లు మరిగించి, సోడా వేసి, మరియమ్మ తెచ్చిన నల్ల ఇసుక కలిపాను. నురగ పొంగగానే జనం “అగో నూనె!” అని అరిచారు. జంగయ్య గంజు చుట్టూ ప్రదక్షిణం చేసినంత పని చేశాడు. నేను నిజం చెప్పడానికి వచ్చి ఇంకో దావత్ నడుపుతున్నట్టయింది.

అప్పుడు మరియమ్మే ముందుకొచ్చింది. నురగ తీసి పారబోసి, అడుగున మిగిలినదాన్ని ఇత్తడి తాంబాళంలోకి వంచింది. మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగింది. బియ్యం కడిగినంత నెమ్మదిగా. తాంబాళం తీసుకెళ్లి, టీ తాగుతున్న ఉస్మాన్ మేస్త్రి ముందు పెట్టింది. ఆయన ఆ చుట్టుపక్కల ఇళ్లు కట్టే మనిషి.

“మేస్త్రీ, గీ సారు మాట ఇడిసిపెట్టు, నా మాట ఇడిసిపెట్టు. నీ చేతితోని పట్టి, గిదేందో నువ్వు సెప్పు.”

ఉస్మాన్ మేస్త్రి చిటికెడు తీసుకొని వేళ్ల మధ్య నలిపాడు. ఇంకో చిటికెడు తీసి గోరు మీద గీశాడు. “అరే, గిది కంకర కొట్టంగ వచ్చే క్రషర్ డస్టు గద! రోజు ఇటుకలకు కలుపుత నేను. దీన్ని ఆయిల్ అన్నదెవలు?”

ఒకడు ఫక్కున నవ్వాడు. దాంతో అందరూ. “జంగన్నా, మా ఇంటెనక మస్తు డస్టు పోసిన, సముద్రం కొంటవా?” అని ఎవరో అరిచారు. జంగయ్య, “నాకేం తెల్సు, బావ జెప్పిండు, నేన్ నమ్మిన” అంటూ బండి స్టార్ట్ చేసుకున్నాడు. ఆ మాటలో తప్పులేదు కాబట్టి నేను కూడా తలవంచుకున్నాను.

అందరూ వెళ్లాక దావీదు తాంబాళంలోని డస్టును ఒకసారి చేత్తో పట్టి చూసి, భార్యతో, “నువ్వు మొదలే అన్నవు” అన్నాడు. సోమవారం సంతకం జరగలేదు.

కథ ఇక్కడితో అయిపోవాలి, కానీ అయిపోలేదు. మేడం నెలల నుంచీ ఒక డ్రమ్ము తయారుచేయిస్తోంది. బీకరులో చేసే కడుగుడును పెద్ద ఎత్తున చేసే యంత్రం. దాన్ని నడిపి చూడడానికి మా దగ్గర సంచెడు శాంపిలే ఉంది. మరియమ్మ మూలలో రెండు ట్రాక్టర్లు నిండే నల్ల మడ్డి ఉంది, అది పోతే తప్ప అక్కడ మొక్క బతకదు. మేడమే ట్రాక్టర్లు పంపింది. ఆ మడ్డిని మేం ఆ ఏడాదంతా కడిగాం. నీళ్లు ఎంత వేడుండాలి, సోడా ఎంత, డ్రమ్ము ఎంత నిదానంగా తిరగాలి, వాడిన నీళ్లను మళ్లీ ఎలా వాడుకోవాలి, అన్నీ దానిమీదే నేర్చుకున్నాం. తర్వాత అసలైన టార్ శాండ్ పెట్టినప్పుడు, కొలతలు కొద్దిగా మార్చేసరికి తారు దారికొచ్చింది. ఇంకా చాలా పని ఉంది. కానీ డ్రమ్ము తిరుగుతోంది. మరియమ్మ మూలలో చెరువు పూడిక మట్టి పోసి మామిడి పెట్టారు. కాయలు పుల్లగా ఉన్నాయి గానీ కాశాయి.

నాకు ఈ కేసు నేర్పింది యంత్రం సంగతి కాదు. ఒక మనిషి రెండేళ్లు తలమీద మోసిన వస్తువును, మనం పెట్టిన పేరు ఆ మనిషికే తెలియకుండా చేయగలదు. అందుకని శాంపిల్‌తో పాటు నింపే ఫారంలో నేను ఒక గడి పెంచాను. మేడం ఒప్పుకుంది. ‘ఈ జాగాలో ఇంతకుముందు ఏముండేది? ఎవరిని అడిగారు?’

మొదట్లో అందరూ ఆ గడి ఖాళీగా వదిలేసేవారు. ఈమధ్య ఈశాన్యం నుంచి వచ్చిన సంచికి కట్టిన ఫారంలో, ఎవరో వంకర అక్షరాలతో ఇంగ్లీషులో రాశారు: ‘అడవి. దానికి ముందు తెలియదు. వాగు అవతల ఉండే ముసలమ్మకు తెలుసంటున్నారు, వచ్చే వారం వెళ్లి అడుగుతాం.’

సంచి విప్పకుండా పక్కన పెట్టాను. ముసలమ్మ ఏం చెబుతుందో విన్నాకే కడుగుతాను.