మెట్టు మీద దయ్యం అడుగు

నేను ఆరో తరగతిల ఉన్నప్పటి ముచ్చట. ఇబ్రహీంపట్నంల మా పక్కిల్లే నా దోస్తు లత వాళ్లది. వాళ్ల బాపు దుబాయిల ఉండి కోరుట్లల కొత్తిల్లు కట్టిస్తుండె. ఇగ అక్కడికి పోతరనంగ లత, "గా ఇంట్ల దయ్యమున్నదే" అన్నది.

నా అంత ధైర్యం ఎవలకు లేదని చెప్పుకుంట తిరిగేదాన్ని కదా! ఐతారం పొద్దుగాల ఒక చేతుల చీపురు, ఇంకో చేతుల చెప్పు పట్టుకొని, లతను ఎంటేసుకొని ఆటో ఎక్కిన. ఆటోల అందరు నన్ను చూసి నవ్విండ్రు.

కోరుట్లల దిగి కొత్తింట్లకు పోతే, లోపలి అర్రల ఏదో కదిలింది. పచ్చటి కండ్లు రెండు నన్నే చూస్తున్నయి. చీపురును, చెప్పును, లతను గూడ ఆడ్నే ఇడిసిపెట్టి బయటికి ఉరికిన. అప్పుడే సిమెంటు పోసిన మెట్టుల నా కాలు దిగబడ్డది. మేస్త్రి తిట్టని తిట్టు లేదు.

ఎనుకనుంచి లత ఏడ్సుకుంట వచ్చింది. చేతుల వాళ్ల బాపు పంపిన పులిబొమ్మ దుప్పటి. దాన్ని ముందుగాలే అర్రల తాడుకు కట్టింది తనేనట.

"దయ్యమున్నదని నువ్వు ఊరంత చెప్తవనుకున్ననే. గప్పుడు మావోళ్లు ఈడికి రారు గదా!"

అయినా పోయిండ్రు. ఆ దినమే మెట్టు సాపు చేస్తనని మేస్త్రి అంటే లత మాత్రం చెయ్యనియ్యలేదు. ఇప్పటికీ వాళ్లింటికి కొత్తోళ్లు ఎవలొచ్చినా, నేను పక్కన ఉండంగనే చెప్తది: "జర చూసి ఎక్కుండ్రి, గది మా దయ్యం అడుగు."