పత్తి కుప్పలో చెయ్యి పెట్టి

ఒరేయ్, మరిపెడ దగ్గర మన ఊరి పాత జిన్నింగ్ మిల్లును మ్యూజియం చేశారంటే నిన్న చూడటానికి పోయాను. గోడలకు కొత్త రంగు వాసన. పిల్లలు దూకి ఫోటోలు దిగడానికి లోపల పత్తి కుప్ప పోశారు.

గుర్తుందారా, చిన్నప్పుడు బడి కాగానే ఆ కుప్పల్లోనే కదా మన దాగుడుమూతలు? ముక్కుల్లో నూగు, జుట్టులో గింజలు. ఒక సాయంత్రం మనతో ఆడుతున్న ఖాజా ఎంతకీ దొరకలేదు. ఇంటికి పోయాడనుకున్నాం. మర్నాడు హమాలీలు పత్తి లాగుతుంటే అడుగున చల్లబడి కనిపించాడు.

ఖాజా వాళ్లమ్మ ఆ మిల్లులోనే పత్తి ఏరేది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కుప్ప ముందు నిలబడి కేకేసేది.

"లోపట ఎవలన్న ఉన్నరా బిడ్డా? జర బయటికి రాండ్రి!"

తర్వాత భుజం దాకా చెయ్యి పెట్టి కుప్పంతా తడిమేది. ఆమె "ఇగ తియ్యుండ్రి" అన్నాకే హమాలీలు పత్తి ముట్టేవాళ్లు.

నిన్న మ్యూజియం మూసే వేళ వాచ్‌మన్ లైట్లు ఆర్పబోతుంటే ఆగమన్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఆ కుప్పలో భుజం దాకా చెయ్యి పెట్టాను.

"ఏం పోయింది సార్, ఫోనా?" అన్నాడతను.