కోట గోడ మీద ఎర్ర గుర్తు

ఆ రోజు నేను చేసిన తప్పు, ఒక ముసలామె మాటను మార్చి చెప్పడం. టెక్కలి దగ్గర పాత కోటను బాగుచేసి పర్యాటకులకు తెరిచే పని మీద పోలండ్ నుంచి మార్త అనే ఇంజనీరు వచ్చింది. నేను ఆమెకు దుబాసీని. బీటలున్న చోటల్లా ఆమె ఎర్ర రంగుతో గుర్తులు పెట్టింది. కోట గుర్రపుశాలలో కాపురముంటున్న పోలమ్మ ఒక గుర్తు చుట్టూ పసుపు పూస్తోంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"రోడ్డేసినప్పుడు మా సెల్లి ఇంటికీ ఇలాగే ఎర్రరంగెట్టి కూల్చేసినారు బాబూ. పసుపెడితే అమ్మోరైపోద్ది. అమ్మోరి మీద గునపమేత్తారేటి? మమ్మల్నెప్పుడు ఎల్లగొడతారో ఆ దొరసానినడుగు."

గుర్రపుశాలను కాఫీ హోటల్ చేస్తారని నాకు తెలుసు. గొడవైతే నా పని పోతుందని భయమేసి, పక్కనే ఉన్న మార్తతో, "మీకు స్వాగతం చెబుతోంది" అన్నాను. మార్త నవ్వుతూ చేతులు జోడించింది.

"నవ్వుతందేటి బాబూ?" అంటూ పోలమ్మ గోడవారన కూలబడిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక మార్తకు నిజం చెప్పి, తిరిగి అక్కడికే తీసుకెళ్లాను. పోలమ్మ ప్రశ్నను ఉన్నదున్నట్టు వినిపించాను. హోటల్ వద్దని పైవాళ్లకు రాస్తానని, వింటారన్న హామీ మాత్రం ఇవ్వలేనని మార్త అంది. ఆ రెండో మాటనూ మింగకుండా పోలమ్మకు చెప్పాను.