ప్రమాణం చెయ్యని కాపలా

మొదటిరోజు నేను డ్యూటీకి వెళ్ళేసరికి అక్కడ ఉన్నవి: ఖాళీ చేసిన చమురు ట్యాంకు ఒకటి, అడుగున మోకాలిలోతు మడ్డి. ట్యాంకు గోడకి కింది వరసలో మూడు మ్యాన్‌హోళ్లు, మనిషి వంగి దూరేంతవి. తూర్పుదానికి గాలి తోలే బ్లోయర్ బిగించి ఉంది. ఉత్తరందానికి అడ్డంగా తాడు కట్టారు. దక్షిణందాని ముందు ఇనుప స్టూలు, మేకులు కొట్టిన చెక్క బోర్డు, గ్యాస్ మీటరు, వాకీటాకీ, ఈల. మడ్డి తీసేవాళ్లు మేస్త్రితో కలిపి పదిమంది, అందరూ గోదావరి జిల్లాలవాళ్లే. మేస్త్రి బామ్మర్ది, వాళ్లకి వ్యాన్లో మంచినీళ్ల డ్రమ్ములు తెచ్చేవాడు. సేఫ్టీ ఆఫీసరు, మలయాళీ. నేను.

బహ్రెయిన్, సిత్రా. 1996 జూన్. ఉదయం ఆరింటికే ముప్పై నాలుగు డిగ్రీలు. సముద్రం మీంచి వచ్చే తేమకి చొక్కా వేసుకోగానే తడిసేది. పది దాటితే ట్యాంకు గోడ మీద చెయ్యి ఆనేది కాదు.

అంతకుముందు ఏడేళ్లు సైన్యంలో సిగ్నల్స్‌లో వైర్‌లెస్ మెకానిక్‌గా చేశాను. ఎడమ చెవి దెబ్బతింటే ఇంటికి పంపేశారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మిలట్రీ చేసి వచ్చి గల్ఫ్‌లో వాచ్‌మన్ ఉద్యోగమా అని మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. అది వాచ్‌మన్ పని కాదు. దాన్ని హోల్ వాచ్ అంటారు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లని బోర్డుకి తగిలించాలి. బయటికొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఎన్ని బిళ్లలుంటే లోపల అంతమంది. సేఫ్టీ ఆఫీసరు ఆర్డరు హిందీలో మూడు ముక్కల్లో చెప్పాడు. స్టూలు వదలకు. మీటరు మోగితే ఈల వెయ్యి. లోపల ఎవరు పడినా నువ్వు దిగకు, ఎవర్నీ దిగనివ్వకు. గాలి సిలిండర్లతో ఫైర్ టీం వస్తుంది.

మూడోది ఎందుకో కూడా చెప్పాడు. ట్యాంకుల్లో మొదట పడినవాడి కంటే వాణ్ణి తీసుకురావడానికి దిగి పోయినవాళ్లే ఎక్కువట.

ఆ గ్యాంగుకి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త హోల్ వాచ్ వస్తే ముందురోజు సాయంత్రం క్యాంపులో మేస్త్రి గదికి పిలుస్తారు. పటాల ముందు కర్పూరం వెలిగిస్తారు. మీరు లోపలున్నంతసేపూ చోటు వదలను అని చెప్పి, అరచేత్తో ఆ కర్పూరం ఆర్పాలి. నాకంటే ముందున్న తమిళతను బైబిలు మీద చెయ్యేశాడట. అంతకుముందు ఒక పఠాను ఖురాను పట్టుకున్నాడట. ఏ దేవుడైనా వాళ్లకి అభ్యంతరం లేదు. దేవుడంటూ ఉండాలి.

మా ఇంట్లో తాత కాలం నుంచీ పటాల్లేవు. సైన్యంలో ప్రమాణం చేయించే కసం పరేడ్‌నాడు నేను ఏ గ్రంథం మీదా చెయ్యి పెట్టలేదు. ఇష్టం లేనివాళ్లు మామూలుగా మాట ఇవ్వొచ్చని రూలుంది. అలాగే ఇచ్చాను.

నన్నూ పిలిచారు. కర్పూరం వెలిగించి, "ఆర్పు మిలట్రీ," అన్నాడు మేస్త్రి.

నమ్మకం లేకుండా ఆర్పితే అది అబద్ధం అవుతుందని చెప్పాను. స్టూలు వదలనని మాట మాత్రం ఇస్తానన్నాను.

"మాట ఎవరికిస్తన్నావ్? పైన ఎవుడూ లేడంటన్నావుగా."

"మీకు."

"నేను లోపలుంటానబ్బాయ్. నాకు నువ్వు కనపడవు. నేను సూడనప్పుడు నిన్ను సూసేదెవరు?"

గుమ్మంలో కూర్చుని బూట్లకి లేసులు ఎక్కిస్తున్న బామ్మర్ది నవ్వాడు. స్టోర్ నుంచి ఆ రోజే తెచ్చుకున్న కొత్త బూట్లు. "పోనీ ఆళ్లమ్మ మీద ఒట్టేయించు బావా. అమ్మైనా ఉందంటాడో లేదో."

అందరూ నవ్వారు.

"అమ్మ ఉంది," అన్నాను. "నేను కునుకు తీస్తే ఆవిడకేం కాదు. మీకవుతుంది."

కర్పూరం దానంతటదే కాలిపోయింది. పొద్దున్న ట్యాంకు దగ్గర పదిమందీ బిళ్లలు తగిలించారు. మేస్త్రి యల్లా, పదండి అని ముందు తనే దిగాడు. గొడవ తేలిపోయిందనుకున్నాను.

రెండురోజులు ఏమీ జరగలేదు. మూడోరోజు పది నలభైకి బ్లోయర్ ఆగిపోయింది. కొద్దిసేపటికి మీటరు మోగింది. ఈల వేశాను. ఒక్కొక్కరే వంగి బయటికొచ్చారు. ఒక్కొక్కరూ బిళ్ల తీసుకున్నారు. మేస్త్రి ఆఖరున వచ్చాడు. బోర్డు ఖాళీ.

వాకీటాకీలో సేఫ్టీ ఆఫీసరు ఎంతమంది అని అడిగాడు.

"దిగింది పది, వచ్చింది పది. ట్యాంకు ఖాళీ."

"ఖలాస్. అక్కడే ఉండు."

మేస్త్రి నేలమీద కూలబడి దగ్గుతున్నాడు. మధ్యలో తలెత్తి మనుషుల్ని చూశాడు. లేచి ఉత్తరం వైపు పరిగెత్తాడు. ఎందుకో తెలియకుండానే నేనూ పరిగెత్తాను. తాడు కట్టిన మ్యాన్‌హోల్ కింద ఒక బూట్ల జత ఉంది. కొత్తవి. మడ్డి అంటుతుందని విప్పినట్టున్నాడు. మేజోళ్లు మడిచి లోపల పెట్టాడు.

"మావోడు లోపలున్నాడు."

బోర్డు మీద లేడే అన్నాను.

"బోర్డులో ఎందుకుంటాడు? నిన్ను కనిపెట్టడానికి ఎట్టాను."

చీకట్లో ఆ చివర కూర్చుంటే, దక్షిణం వెలుగులో స్టూలూ నేనూ కనిపిస్తాం. అందుకని.

మేస్త్రి అప్పటికే తల దూర్చాడు. బెల్టు పట్టుకుని వెనక్కి లాగాను. వాకీటాకీలో ఉత్తరం వైపు ఒకడు లోపల ఉన్నాడని చెప్పి, మ్యాన్‌హోల్‌కి వీపు ఆనించి కూర్చున్నాను. మిగతావాళ్లూ వచ్చేశారు. మేస్త్రి ముందు చేత్తో కొట్టాడు. తర్వాత బూటు తీసుకుని కొట్టాడు.

"నీకు దేవుడు లేడు సరేరా. మనిషి కూడా లేడా?"

మేస్త్రి దిగితే వెనక నలుగురు దిగుతారు. అదొక్కటే ఆలోచించాను. వీపు వెనక లోపలి గాలి చెమట మీద చల్లగా తగిలింది. చప్పుడేమీ రాలేదు.

ఫైర్ టీం వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. లేచి దారి ఇచ్చాను. వాళ్లు తెచ్చిన మనిషికి కాళ్లు మోకాళ్లదాకా నల్లగా ఉన్నాయి. సల్మానియా ఆస్పత్రిలో చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

విచారణ జరిగింది. బ్లోయర్ ఆగగానే గ్యాస్ ముందు ఉత్తరం చివర పేరుకుందని, అతను అనుమతి లేకుండా, బిళ్ల లేకుండా లోపలికి వెళ్ళాడని తేల్చారు. ఎందుకు వెళ్ళాడని అడిగారు. మేస్త్రి తనే చెప్పాడు. అనువాదం చేసినవాడికి అర్థమైనట్టు లేదు. అది రాసుకోలేదు.

శవంతో పాటు మేస్త్రీ వెళ్ళిపోయాడు. బయల్దేరే ముందు నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ముందు రెండురోజులూ సాయంత్రం బామ్మర్ది ఏం చెప్పేవాడో చెప్పాడు. "కదల్లేదు బావా, ఉచ్చకి కూడా లెగలేదు" అన్నాడట. మరి మూడోరోజు ఎందుకు పెట్టారని అడిగాను. మూడ్రోజులు చూద్దామనుకున్నారట.

"నువ్వు అడ్డం కూకోపోతే నేనూ పోదును," అన్నాడు. "ఆ పైనున్నాయనే నిన్నక్కడ కూకోబెట్టాడు."

"నేనే కూర్చున్నాను మేస్త్రిగారూ."

"నీకాయన లేకపోవచ్చు. ఆయనకి నువ్వున్నావ్." కోపం లేకుండానే అన్నాడు. "ఆ కర్పూరం ఆర్పేత్తే పోయేది కదబ్బాయ్. చిటికెలో పని."

కొత్త మేస్త్రి నన్ను ప్రమాణం అడగలేదు. మరో ఏడాదిన్నర అదే స్టూలు మీద కూర్చుని, కాంట్రాక్టు ముగించుకుని బొంబాయి మీదుగా ఇంటికొచ్చాను.

మా ఊరి లైబ్రరీలో ఆదివారాలు చర్చలు పెడతారు. దేవుడి మీద నమ్మకం లేకుండా నీతి నిలబడుతుందా అని ఒకసారి పెట్టారు. మిలట్రీవాడివి, నువ్వు చెప్పు అన్నారు. నాకు తెలిసినవి రెండు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు కూడా నేను స్టూలు వదల్లేదు. నేను అబద్ధం ఆడనన్నందుకు ఒక మనిషి ఆ చీకట్లో కూర్చున్నాడు. రెండూ జరిగాయి. ఈ రెంటినీ కలిపి ఒక జవాబు చెయ్యడం నాకు రాలేదు. ఆ రోజు వేరేవాళ్లు మాట్లాడారు.

గుమ్మం ముందు ఎవరైనా కొత్త బూట్లు విడిస్తే లోపల మేజోళ్లున్నాయేమోనని చూస్తాను. ఇప్పటికీ చూస్తాను.

దిగినవాళ్లు పదకొండు. బిళ్లలు పది.