మినహాయింపుల ఫైలులో ఒక వరుస

ఆఫీసులో అందరూ ఆమెను హెచ్చరికలక్క అనేవారు. లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పదహారేళ్ళుగా ఆమెది ఒకటే పని. కోడ్‌ను నడపకుండా కేవలం చదివి తప్పులు పట్టే ప్రోగ్రాం ఒకటుంది. అది ఇచ్చే హెచ్చరికల్లో ఏది నిజమో, ఏది ఉత్త చాదస్తమో తేల్చాలి. చాదస్తమని తేలితే, ఇకపై దాని గురించి అడగవద్దని మినహాయింపుల ఫైలులో ఒక వరుస ఎక్కించి, పక్కన కారణమూ పేరూ రాయాలి. ఎవరైనా కారణం రాయకపోతే వెళ్ళి వాళ్ళ కుర్చీ పక్కన నిలబడేది. తిట్టేది కాదు. రాసేదాకా కదిలేది కాదు.

ఆ మంగళవారం ఉదయం, లిఫ్టు తలుపుల కోడ్ విభాగంలో హెచ్చరికలు సున్నా అని రిపోర్టు వచ్చింది.

"పార్టీ ఇవ్వాలక్కా," అన్నాడు పక్క సీటు ప్రోగ్రామరు. "నాలుగు నెలలుగా ఇంతే. మనవాళ్ళు బాగుపడ్డారు."

"మనవాళ్ళా? నీతో సహానా?"

ఆమె ఆ విభాగంలో కావాలనే ఒక తప్పు రాసి ప్రోగ్రాంను నడిపింది. సున్నా. మరీ దారుణమైన తప్పు రాసింది. సున్నా. ఖాళీ ఇంట్లో ఎవరినో పిలిచినట్టు అనిపించింది.

మినహాయింపుల ఫైలు తెరిచింది. ఒక వరుసలో ఒక్క ఫైలు పేరు ఉండాల్సిన చోట మొత్తం తలుపుల ఫోల్డరు పేరు ఉంది. దాని కింద ఏమున్నా ప్రోగ్రాం నోరెత్తదు. "పాత కోడ్, ఎప్పటికీ నడవదు" అని కారణం. పక్కన ఆమె పేరే. ఎంత తలబద్దలు కొట్టుకున్నా రాసినట్టు గుర్తు రాలేదు. కానీ ఆ మాటలు ఆమెవే.

వరుస తీసేసింది. ముప్పై ఏడు హెచ్చరికలు. చివరిది: లిఫ్టు పెట్టె ఆ అంతస్తుకు వచ్చిందో లేదో చూడకుండానే తలుపు తెరుస్తోంది.

"ఇది ఎక్కడెక్కడికి వెళ్ళింది?"

"అరవై రెండు భవనాలకు. పోయిన నెల మీ అపార్ట్‌మెంటుకు కూడా పెట్టారుగా అక్కా."

అది ఆమె మామగారు నడకకు బయల్దేరే వేళ. ఫోన్ చేసింది.

"మామయ్యా, ఎక్కడున్నారు?"

"లిఫ్టు ముందేనమ్మా. బటన్ నొక్కకుండానే తలుపు తీసింది, ఈమధ్య మర్యాద నేర్చినట్టుంది. లోపల మాత్రం లైటు పోయింది. ఒకటే చీకటి."

"అడుగు వేయకండి. వెనక్కి రండి."

"ఉండు, కర్రతో చూస్తాను."

"వద్దు మామయ్యా!"

తర్వాత ఆయన గొంతు, చాలా చిన్నగా:

"కర్ర దేనికీ తగలడం లేదమ్మాయ్."

"గోడకు ఆనుకుని నిలబడండి. ఎవరినీ దగ్గరికి రానివ్వకండి."

ఫోన్ పెట్టేయకుండా, స్పీకర్ ఆన్ చేసి టేబుల్ మీద ఉంచి లేచింది.

"అరవై రెండు భవనాల్లోనూ లిఫ్టులు ఆపించు. ఇప్పుడే."

"కారణం అడుగుతారక్కా. ఎవరి తప్పని రాయను?"

"నాదని రాయి."

అతను కీబోర్డు మీద చేతులు పెట్టాడు. టేబుల్ మీది ఫోన్‌లో తలుపులు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి, మళ్ళీ తెరుచుకున్న చప్పుడు.