రాజును ‘ఆ మనిషి’ అన్న మా ప్రొఫెసరమ్మ

గత మంగళవారం బ్రెమెన్‌లో, విదేశీయుల ఆఫీసు బెంచీ మీద వీసా అపాయింట్‌మెంటు కోసం కూర్చుని ఉండగా మెయిల్ వచ్చింది. మా ప్రొఫెసరమ్మ పోయారు. ఆదివారం నిద్రలోనే పోయారట. అంతలో నా నంబరు పిలిచారు. లోపలికి వెళ్లి అడిగిన కాగితాలన్నీ ఇచ్చి, బయటికొచ్చి, ట్రామ్ స్టాపులో కూలబడ్డాను.

నేను వరంగల్ నుంచి చరిత్ర చదవడానికి వచ్చినదాన్ని. మా ఫ్లాటులో మిగతా ముగ్గురూ విమానాల ఇంజనీరింగు. "ఏందక్కా, గుర్రాలెక్కినోళ్ల గురించి చదవనీకి జర్మనీ దాకా రావాల్నా?" అని నవ్వేవాళ్లు. దాదాపు వెయ్యేళ్ల కింద సముద్రం దాటి ఇంగ్లండును కత్తితో గెలుచుకున్న నార్మన్ రాజు మీద నా పరిశోధన. పుస్తకాలన్నీ ఆయన్ని విజేత అంటాయి. మా ప్రొఫెసరమ్మ మాత్రం ఆ పేరే ఎత్తేవారు కాదు. చెప్పుకి అంటుకున్నదాని గురించి మాట్లాడినట్టు, "ఆ మనిషి" అనేవారు.

ఆ రాజు దేశమంతా సర్వే చేయించి, ఏ ఊళ్లో ఎన్ని నాగళ్లున్నాయో రాయించాడు. మొదటి అధ్యాయంలో నేను దాన్ని గొప్ప పరిపాలనా దక్షత అని రాశాను. ఆమె ఆ మాట కింద పెన్సిలుతో గీత గీశారు.

"ఉత్తరాన ఊళ్లు తగలబెట్టించింది ఎవరు?"

"ఆయనే, మేడమ్. తిరుగుబాటు చేశారని. పంటలు, పశువులు, నాగళ్లు కూడా."

"కాల్చినవాడే కొన్నేళ్లకు గుమస్తాల్ని పంపి, ఈ ఊరు పాడుపడి ఉంది అని రాయించుకున్నాడు. మీరు దాన్ని దక్షత అంటారా?"

ఆ పేజీ నేనే చింపేశాను.

ఆ రాజు కుటుంబమంటే ఆమెకు మరీ చులకన. పెద్దకొడుకు యుద్ధంలో తండ్రినే గుర్రం మీంచి పడగొట్టాడు. తల్లి చాటుగా ఆ కొడుక్కే వెండి పంపింది. తండ్రి మంచాన ఉండగానే, బతికున్న కొడుకుల్లో రెండోవాడు కిరీటం కోసం ఓడెక్కాడు, చిన్నవాడు తన వాటా వెండి తూయించుకోవడానికి పరుగెత్తాడు. ప్రాణం పోగానే నౌకర్లు ఒంటి మీది బట్టలు కూడా ఒలుచుకుని, శవాన్ని నేల మీద వదిలేసి పోయారు. అది చదివి నేను అయ్యో అన్నాను. ఆమె గుడ్డు పెంకు వొలుస్తూ, "దోచుకోవడం ఆ నౌకర్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారనుకుంటున్నారు?" అన్నారు.

రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె భోజనం అదే: ఉడికించిన గుడ్డు, ఎండిన రై బ్రెడ్డు. నా గోంగూర పచ్చడి దాని మీద రాసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ రాసుకునేవారు.

రెండేళ్ల కింద ఒక మ్యూజియంవాళ్లు ఆ రాజవంశం మీద ప్రదర్శన తలపెట్టారు. ఆమె సలహాదారు. నాకు అందులో రెండేళ్ల ఉద్యోగం ఖాయమైంది. కాలిన ఊళ్లకు మేం ఒక గది కేటాయించాం. దాన్ని తీసేసి, కెఫే పక్కన ఒక బోర్డుతో సరిపెడదామన్నాడు కమిటీ పెద్ద.

"జనం టికెట్ కొనుక్కుని ఏడవడానికి రారు కదా, ప్రొఫెసర్."

"అయితే సర్కస్ పెట్టుకోండి," అని ఆమె లేచి వచ్చేశారు. తన పేరు తీయించేశారు. ఆమె పేరుతో పాటు నా ఉద్యోగమూ పోయింది.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. కోపంతో జర్మన్ వ్యాకరణమంతా తప్పింది. "మీకు పెన్షన్ ఉంది మేడమ్. నాకున్నది మూడు నెలల వీసా. నన్నొక్క మాట అడిగారా?"

ఆమె నాకు కుర్చీ జరిపి, ఎదురుగా కూర్చున్నారు. తర్వాత, అంతవరకూ ఎప్పుడూ మీరు అనే మనిషి, మొదటిసారి నువ్వు అన్నారు.

"నిన్ను అడగకుండా నీ బతుకుతో పౌరుషం చూపించాను. ఆ మనిషి చేసిందీ అదే. సిగ్గుగా ఉంది."

డెబ్బై దాటిన ఆవిడ, నన్ను వెంటబెట్టుకుని ఆరు వారాలు ఊళ్లు తిరిగారు. తను ఒకప్పుడు ముఖం మీదే తిట్టినవాళ్ల గుమ్మాల్లో కూడా నిలబడి నా గురించి చెప్పారు. చివరికి ఒక గ్రంథాలయంలో సగం రోజు పని దొరికింది. వీసా నిలిచింది.

ప్రదర్శన జరిగింది. నేనూ వెళ్లాను. బంగారు వెలుగులో రాజు గుర్రం, పిల్లలకు అట్ట కిరీటాలు. కాలిన ఊళ్ల బోర్డు కెఫే క్యూ వెనక ఉంది. దానికి ఆనుకుని ఒకాయన కాఫీ చల్లార్చుకుంటున్నాడు. వచ్చి చెబితే ఆమె అడిగింది ఒక్కటే: "కాఫీ అయినా బాగుందా?"

నిన్న డిపార్ట్‌మెంటుకు వెళ్లాను. రిటైరైనా ఆమె రోజూ వచ్చేవారు; చివరిసారి ఇక్కడే వదిలి వెళ్లినట్టున్నారు, స్టాండులో ఆమె సైకిలు ఇంకా ఉంది. సీటు మీద బేకరీ కవరు తొడిగి ఉంది. వాన మొదలైంది. ఎవరో ఒకావిడ తన సైకిలు పెట్టుకుంటూ, గాలికి సగం ఊడిన ఆ కవరును చూసి, లాగి సరిగ్గా తొడిగి, ముడి వేసి లోపలికి వెళ్లిపోయింది.