ఏడో నెలలో గ్రహణం

మా ల్యాబులో ఇంక్యుబేటర్ తలుపు తీయగానే తడి వెచ్చదనం ముఖానికి తగులుతుంది. లోపల చిన్న పళ్లేలలో మేము పెంచుతున్న గుండె కణాలు ఉంటాయి. ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో వాటిలో మొదటి కదలిక కనిపిస్తుంది. అది చూసిన పూట నాకు రూతు టీచర్ గుర్తొస్తుంది. భిలాయి సెక్టర్ 4లో మా బడిలో ఆవిడ జీవశాస్త్రం చెప్పేది. తాతల నాడే ఆంధ్ర నుంచి భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ వచ్చి స్థిరపడిన రైల్వే కుటుంబం వాళ్లది. తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో ముగించేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు. పాలు తాగుతూనే అలిసిపోయి, నుదుట చెమటతో మధ్యలో వదిలేసేవాడు. గుండెలో కింది గదుల మధ్య గోడకు రంధ్రం ఉందన్నారు డాక్టరు. నాన్న ఉక్కు ప్లాంటులో షిఫ్టుకు వెళ్లేవాడు. ఇంట్లో సాయానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనత్త అమ్మతో రోజూ ఒకే మాట అనేది: "గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకోవద్దంటే విన్నావా? కూరలు తరిగీసావు." అమ్మ ఆ మాట నమ్మింది. తిండి తగ్గించేసింది. తన చేతులు తగిలితే ఇంకేమవుతుందోనని బిడ్డను ఎత్తుకోవడానికి కూడా జంకేది. పాలివ్వడానికి ఒళ్లో పెడితే తీసుకునేది, అంతే.

ఒకరోజు క్లాసులో అడిగేశాను, గ్రహణం వల్ల గుండెకు చిల్లు పడుతుందా అని. పిల్లలు నవ్వారు. టీచర్ నవ్వలేదు. "ఎవరికి పడిందమ్మా?" అంది.

ఆ సాయంత్రమే మా క్వార్టర్‌కి వచ్చింది. అమ్మ పక్కన చాప మీద కూర్చుని, నా నోటుపుస్తకం వెనక పేజీలో బొమ్మ గీసింది.

"కడుపులో పిండం ఇంత ఉన్నప్పుడు గుండె ఉండదు. ఒక పొరలో కణాలుంటాయి, అంతే. పక్క పొర నుంచి వాటికి కబురొస్తాది, మీరు గుండె అవ్వండి అని. ఆ కబురు తెచ్చే పదార్థాల్నే గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. ఎప్పుడు రావాలో అప్పుడే రావాలి, ఎంత రావాలో అంతే రావాలి. గోడ కట్టడానికీ ఇలాటి కబుర్లే. ఎక్కడో ఒకటి సరిగ్గా అందకపోతే గోడ పూర్తవదు."

"మరెందుకు అందలేదు టీచరమ్మా? నానేటి చేసాను?"

టీచర్ పెన్సిల్ పక్కన పెట్టింది. "ఎందుకో తెలీదమ్మా. నాకే కాదు, పెద్ద పెద్దోళ్లకీ చాలామటుకు తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. రెండో నెల దాటేసరికి ఆ గోడ పని అయిపోతాది. గ్రహణం నీకు ఎన్నో నెల్లో వచ్చింది?"

అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఏడు."

"అయితే ఖతం కదా. అప్పటికి అక్కడ కట్టడానికి ఏటీ మిగల్లేదు."

అమ్మ మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంది. తర్వాత లేచి వెళ్లి ఉయ్యాల్లోంచి తమ్ముణ్ని తీసి భుజాన వేసుకుంది. మేనత్త వంటింట్లోకి వెళ్లింది. టీచర్‌కి టీ పెట్టి తెచ్చింది. గ్రహణం మాట మా ఇంట్లో మళ్లీ వినలేదు.

తమ్ముడికి రెండో ఏట ఆపరేషన్ అయింది. ఇప్పుడు ప్లాంటుకు సున్నపురాయి తవ్వే నందిని గనుల్లో పనిచేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు.

నాకు పరిశోధనలో ఉద్యోగం వచ్చాక దుర్గ్ వెళ్లి టీచర్‌ని కలిశాను. అప్పటికి ఆవిడ రిటైరయింది. కణాలను గుండెవైపు నడిపే ఒక సంకేతాన్ని రెండు మూడు రోజులయ్యాక ఆపేయాలని, ఆపకపోతే అదే వాటిని గుండె కానివ్వదని చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చెప్పించుకుంది.

"మరి మీ తమ్ముడికి అలాగెందుకయిందో తేలిందా?"

"లేదు టీచర్."

"ఆ సంగతి కూడా చెప్పు నీ స్టూడెంట్స్‌కి. దాయకు."

చెబుతున్నాను. ఈ ఏడాది మా దగ్గర చేరిన ఒక అమ్మాయి అడిగింది, ఇలాంటి బిడ్డను కన్న తల్లి ఎవరైనా ఎదురైతే ఏం మాట్లాడాలని. "తెలిసింది చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు," అన్నాను. "చెప్పేసి వెంటనే లేచి వచ్చేయకు."